కొబ్బరినూనె కరిగిన రోజు

జనవరి ముప్పయ్యో తేదీ పొద్దున
అద్దం ముందు సీసా వంచితే
నూనె కారింది.

డిసెంబరంతా
అగ్గిపుల్లతో గీకి తీసుకున్న నూనె,
వేణ్ణీళ్ల చెంబులో నిలబెడితే తప్ప కదలని నూనె,
చెప్పాపెట్టకుండా
అరచేతి నిండా, మోచేతి దాకా.
తల దువ్వుకోవడం మానేసి
నంజుండప్పకి ఫోన్ చేశాను.
"కరిగిందా?" అన్నాడు.
హలో కూడా అనలేదు.

మేం నలుగురం.
యశవంతపురంలో లేతు మిషను ముందు
ముప్పై ఏళ్లు నిలబడిన నంజుండప్ప,
మందులషాపు ఫ్రిజ్‌లో డిగ్రీలు
రోజుకి మూడుసార్లు రాసే ఉమైరా,
తారు మెత్తబడితే టైరే చెబుతుందనే ఆటో తిప్పేస్వామి,
హిందూపురం నుంచి ఏదో పనిమీద వచ్చి
ఈ ఊరి చలిని నమ్ముకుని ఉండిపోయిన నేను.
మత్తికెరెలో మూడంతస్తుల మిద్దె మీద
తెల్లరంగు వేసిన చెక్కపెట్టె మాది.
చుట్టూ కిటికీ రెక్కల్లాంటి పలకలు, లోపల పాదరసం.
ఎండ తగలకూడదు, గాలి ఆగకూడదు.
బాలింత గదికి కూడా
ఇన్ని జాగ్రత్తలు పడి ఉండం.

చలి శివరాత్రికి
శివశివా అంటూ పోతుందంటారు మా వైపు.
ఈసారి ఒక్క శివా అనలేదు.
రథసప్తమికి ముందే
దుప్పటి మడిచి మంచం కిందికి తోసింది.

నాలుగో మెయిన్‌లో గులాబిరంగు పూలచెట్టు
ఆకులింకా పూర్తిగా రాల్చనైనా లేదు,
పూసేసింది,
చీర సగం చుట్టుకునే తలుపు తీసినట్టు.
కానుగ కొమ్మల చివర అప్పుడే చిగురు.
ఉమైరా దాని ఫొటో పంపి
కింద తేదీ మాత్రం రాస్తుంది.
ఇంకేం రాయక్కర్లేదు మాకు.

మా రిజిస్టరు పదకొండేళ్లది.
ఫిబ్రవరి పేజీల్లో అన్నిటికన్నా పెద్ద అంకె
ముప్పైమూడు పాయింట్ ఎనిమిది.
దాని మీద కాఫీలోటా పెట్టిన గుండ్రటి మరక.
నెల సగానికే దాటుతుందని తిప్పేస్వామి,
అంతకన్నా ముందే అని ఉమైరా,
నంజుండప్ప ఏమీ అనడు, పెట్టె తుడుస్తాడు.
మార్చి దాకా ఆగుతుందని నేను.
పందెం నాలుగు మసాలదోసెలు.
ఓడిపోవాలని కోరుకుంటూ కాసిన పందెం
నా బతుకులో అదొక్కటే.

అబద్ధమెందుకు,
మాకు దాటాలనే ఉంది.
మధ్యాహ్నం రెండున్నరకి మబ్బుతునక అడ్డొస్తే
చేతిలో పడ్డ క్యాచ్ జారవిడిచినవాణ్ణి తిట్టినట్టు
తిట్టాం దాన్ని, మూడు భాషల్లో.

పన్నెండో తేదీ.
మిద్దె అరికాళ్లు కాలుస్తోంది.
నంజుండప్ప కళ్లద్దాలు నుదుటికి తోసి,
తన ఊపిరి పాదరసానికి తగలకుండా బిగబట్టి
చదివాడు:
"ముప్పైనాలుగు పాయింట్ రెండు."
ఉమైరా ఈల వేసింది.
ఆమెకి ఈల వచ్చని
మాకెవరికీ తెలియదు.

మెట్లు దిగుతుంటే
సంపు మూత పక్కకి జరిపి
లోపలికి టార్చి వేసి చూస్తోంది సుంకులమ్మ.
ఈ బిల్డింగుకి కాపలా వాళ్లదే, చాకిరీ ఆమెది.
"ఎంతొచ్చింది సార్ ఈరోజు?"
లాటరీ తగిలినవాడిలా చెప్పాను.
తలూపి, తన చేతిలో కర్ర చూపించింది.
తడి, రెండు వేళ్ల ఎత్తు.
"సోమవారం నుంచి బోరు బురద కక్కుతోంది.
ట్యాంకరువాడు ఫోనెత్తడు.
మీ పెట్టెకి ఇవాళ తెలిసిందా?"

ఎగతాళి కాదు.
నిజంగానే అడిగింది.

రాత్రి రిజిస్టరు తెరిచి అంకె వేశాను.
పక్కన, గీతలు లేని చోట,
'సంపు కర్ర, రెండు వేళ్లు' అని రాసి
అవి ఎవరి వేళ్లో కూడా రాయాలా అని
కాసేపు ఆలోచించి
రాశాను.

దోసెల డబ్బులు నేనే ఇచ్చాను.
రేపు ముప్పైనాలుగున్నర అంటున్నాడు తిప్పేస్వామి.
రెండుంబావుకే ఎక్కాలి.
సుంకులమ్మ కూడా వస్తుందట,
ఆ పెట్టెలో ఏముందో చూడ్డానికి.

అద్దం ముందు సీసాలో నూనె,
బస్సు వెళ్లినప్పుడల్లా
నీళ్లలాగే కదులుతోంది.